ఊపిరి వెనక ఈల

మా వీధిలో అందరూ ఆయన్ని ఏజెంటుగారు అనేవాళ్లు. కొత్తగా అద్దెకి దిగిన ఒకాయన ఆ పిలుపు నమ్మి, బీమా కాగితాలు చంకన పెట్టుకుని వచ్చి వరండాలో కూర్చున్నాడు కూడా. మా ఏజెంటుగారు బీమా ఏజెంటు కాదు. పొద్దున పూట బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పేవాడు. మధ్యాహ్నం మా డబ్బింగు గదికి వచ్చి, ఒక విదేశీ సీరియల్లో ఏజెంటు అని పిలిచే రహస్య పరిశోధకుడికి గొంతు ఇచ్చేవాడు. ఆకాశంలోంచి ఏవో దిగుతుంటాయి, పైనున్న పెద్దలు ఆ సంగతి దాస్తుంటారు, ఈ పరిశోధకుడూ అతనికి తోడుండే డాక్టరమ్మా తవ్వి బయటికి తీస్తుంటారు. ఏడాదికి ఒక భాగం చొప్పున నాలుగేళ్లు చెప్పాడు.

తెర మీద ఆ మనిషి ఆరడుగుల పైమాటే. మా ఏజెంటుగారు నా భుజం దాకా వస్తాడు. బట్టతల, మోకాళ్ల దగ్గర సాగిపోయిన ప్యాంటు. కానీ దీపం తీసేసి వింటే ఆరడుగుల మనిషే. నేను ఆయన్ని అన్నయ్యా అనేవాణ్ణి. రెండో ఏడు డాక్టరమ్మకి గొంతు ఇచ్చే అమ్మాయి పెళ్లి చేసుకుని మానేస్తే, ఆయనే వదినని వెంటబెట్టుకొచ్చాడు. ‘ఇంట్లో రోజూ నన్ను విచారణ చేస్తూనే ఉంటుంది, ఇక్కడ కాగితం చూసి చెయ్యడం ఎంతసేపు’ అన్నాడు. నిజమే, వదిన రెండో రోజుకే పట్టేసింది. ఆ తరవాత ఇంట్లో వాళ్లిద్దరూ కూరగాయల మీద పోట్లాడుకుంటుంటే పక్కింటివాళ్లు కొత్త ఎపిసోడ్ వచ్చిందనుకుని గోడ దగ్గరికి చేరేవాళ్లు.

నేను అక్కడ సౌండు ఇంజనీరుని. మా పని గురించి ఒక మాట చెప్పాలి. సీరియల్ తీసినవాళ్లు మాకు పంపేటప్పుడు సంగీతం, అడుగుల చప్పుడు, తలుపుల చప్పుడు ఉంచి, మనిషి నోట్లోంచి వచ్చేదంతా తీసేసి పంపుతారు. మాటలే కాదు, దగ్గు, నిట్టూర్పు, ఊపిరి కూడా మేమే నింపుకోవాలి. పరుగెత్తే ఊపిరి, భయపడ్డ ఊపిరి, నిద్రలో ఊపిరి. ప్రతిసారీ మనిషిని నిలబెట్టి రొప్పించడం ఎందుకని ఒక్కొక్కరి ఊపిరి విడిగా తీసి దాచుకుంటాం. కావలసినప్పుడు కావలసిన చోట అతికిస్తాం. ముందు మగగొంతులు పూర్తిచేస్తాం. తరవాత ఆడవాళ్లు అవి చెవుల్లో వింటూ తమ మాటలు చెబుతారు. అంచేత వదిన పని చేసినంతకాలం అన్నయ్య గొంతు ఆవిడ చెవుల్లోనే ఉండేది.

మూడో ఏడు మధ్యలో ఆయన ఊపిరి వెనక సన్నని ఈల ఒకటి మొదలైంది. మామూలు చెవికి ఆనదు. నాది మామూలు చెవి కాదని నాకు గర్వం. ఏసీ అనుకుని ఆపి చూశాను. వైరు అనుకుని మార్చాను. చివరికి, ‘అన్నయ్యా, కాస్త వెనక్కి నిలబడు, ఏదో ఈల పడుతోంది’ అన్నాను.

‘నా ముక్కు నీకేం అపకారం చేసిందిరా తమ్ముడూ’ అని నవ్వి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ చోట తివాచీ మీద తెల్ల టేపు అంటించాను. మర్నాటి నుంచి చెప్పకుండానే దాని మీద నిలబడేవాడు. అప్పటికీ మిగిలిన ఈలని మెషీన్లో తుడిచేసేవాణ్ణి. రోజుకి అరగంట పని. ఎంత శుభ్రంగా వచ్చిందో అని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి. ఏడాదిన్నర పాటు, వారానికి ఆరు రోజులు, శ్రద్ధగా తుడిచాను.

నాలుగో భాగం ఆఖర్న పరిశోధకుడు కొండ మీద ఒక వెలుగులోకి నడిచి మాయమవుతాడు. ‘నన్ను ఎత్తుకుపోయారు, ఇంక నాకు సెలవు’ అంటూ అన్నయ్య హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టాడు. నాలుగు నెలలకి పోయాడు. ఊపిరితిత్తులు. బస్టాండు మెట్లు ఎక్కలేక కూలబడితే ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఏడాది ముందు వచ్చివుంటే ఏదో ఒకటి చేసేవాళ్లమన్నాడు డాక్టరు. ‘ఊపిరిలో ఈలలాంటిది ఎప్పుడైనా వినబడిందామ్మా’ అని వదినని అడిగాడు. వదిన తల అడ్డంగా ఊపింది. నేను పక్కనే ఉన్నాను. మందుల చీటీ తీసుకుని బయటికి వెళ్లాను.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. నేను చెవిటివాణ్ణయినా బాగుండేది. ఆ శంఖం మొదట విన్నది నేను, విని నోరు మూయించింది నేను. ఈ సంగతి వదినకి చెప్పాలి. చెబితే ఆవిడ నా మొహం చూడదు. చెప్పకపోతే నేను ఆవిడ మొహం చూడలేను. ఇలా కొన్ని నెలలు గడిపాను.

ఐదో భాగం మొదటి ఎపిసోడ్ వచ్చింది. మాయమైన మనిషిని పొలాల్లో కనుక్కుని ఆస్పత్రిలో పెడతారు. ఎపిసోడంతా అతనికి స్పృహ ఉండదు. మంచం మీద ఊపిరి పీలుస్తూ పడుంటాడు. ఆఖరి నిమిషంలో కళ్లు తెరిచి, ‘నన్ను వెతకొద్దన్నాను కదా’ అంటాడు. ఆ ఒక్క మాట కోసం రేడియో నాటకాల్లో చెప్పే ఒక పెద్దాయన్ని పిలిచాం. ‘ఈ టేపు మీద నిలబడాలా, ఇంత దూరమా’ అని అడిగాడాయన. అక్కర్లేదు, ముందుకి రండి అన్నాను. మంచివాడు, బాగానే చెప్పాడు. ఊపిరి మాత్రం ఆయనచేత తీయించలేదు. దాచిన పెట్టె తెరిచి ఈల తుడిచి ఉంచిన అన్నయ్య నిద్ర ఊపిరి తీసి, నలభై నిమిషాల పొడుగునా పరిచాను. వదినకి చెప్పలేదు. ఆయనకి అదొక మర్యాద అనుకున్నాను. అది నా బుద్ధితక్కువ.

మర్నాడు మధ్యాహ్నం వదిన వచ్చింది. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పే మాట మొదటిది: ‘మీ ఊపిరి రికార్డు చేసిన టేపుల్ని ఎవరో చెరిపేశారు. ఎవరో నేను కనుక్కుంటాను.’ కాగితం మీద అది చదివినప్పటి నుంచే నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. తెర కదిలింది. వదిన చెవుల్లో ఊపిరి మొదలైంది. మాట రావలసిన చోట రాలేదు. అద్దంలోంచి చూస్తే ఆవిడ రెండు చేతులతో హెడ్‌ఫోన్లు అదిమి పట్టుకుని ఉంది.

‘ఇది మీ అన్నయ్యదే కదా’ అంది మైకులోంచి.

అవునన్నాను.

‘మరి ఈల ఏది?’

లోపలికి వెళ్లి నేల మీద చతికిలబడ్డాను.

‘పడుకుంటే సన్నగా ఈల వచ్చేది’ అంది వదిన. ‘గురకనుకున్నాను. తలగడ మార్చాను. అటు తిరిగి పడుకోండి అని కసిరాను. డాక్టరు అడిగితే ఏ మొహం పెట్టుకుని చెప్పను? లేదన్నాను. నీకెప్పుడైనా వినబడిందా?’

‘ఏడాదిన్నర’ అన్నాను. మొత్తం చెప్పేశాను. టేపు ఎందుకు అంటించానో, రోజూ అరగంట కూర్చుని ఏం చేశానో.

ఆవిడ ఆ తెల్ల టేపు వైపు చూసింది. ‘నేనంటే ఏమీ తెలియనిదాన్ని, గురకనుకున్నాను. నీకు ఆ చెవులే కదయ్యా అన్నం పెడుతున్నాయి’ అంది. ఒక్క మాట గట్టిగా అనలేదు. కొట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాను. బతికున్నంతకాలం ఆ మాట నాతోనే ఉంటుంది.

తరవాత, తుడవనిది ఉంటే పెట్టమంది. అసలు రికార్డింగు పెట్టెలోనే ఉంది. పెట్టాను. గదంతా అన్నయ్య నిద్రపోతున్నట్టే ఉంది. ఊపిరి, దాని వెనక ఈల. మళ్లీ ఊపిరి. ఇద్దరం ఏడ్చాం. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, ‘సీరియల్లో ఇదే ఉంచు. ఇంక తుడవకు’ అని లేచింది. మైకు ముందుకెళ్లి, టేపులు చెరిపేసినవాణ్ణి కనుక్కుంటానన్న మాట ఒక్కసారికే చెప్పింది. మళ్లీ చెప్పించే పని లేకపోయింది.

ఎపిసోడ్ ప్రసారమైంది. ఈ సీరియల్ చూసేవాళ్లు మామూలు జనం కారు, గోడ మీద బల్లి అరిచినా అర్థం వెతుకుతారు. వారం తిరిగేసరికి ఛానెల్‌కి పదిహేడు ఉత్తరాలు. అతని ఊపిరి వెనక ఒక ఈల వినబడుతోందనీ, వెలుగులోకి తీసుకెళ్లినవాళ్లు ఛాతీలో ఏదో పెట్టారనీ, తోడున్న డాక్టరమ్మ ఇంకా గమనించకపోవడం విడ్డూరమనీ. ఒకావిడైతే వెంటనే ఎక్స్‌రే తీయించమని రాసింది. ఛానెల్‌వాళ్లు ఆ ఉత్తరాల కట్ట నాకు పంపి, రెండోసారి ప్రసారానికి ఆ చప్పుడు తుడిచి ఇవ్వమన్నారు.

అన్నయ్య బస్టాండు ఉద్యోగం వదినకి ఇచ్చారు. పొద్దున వెళ్లి బస్టాండు మైకు గదిలో ఆవిడ ముందు ఉత్తరాల కట్ట పెట్టాను. ఈల ఏం చెయ్యమంటారని అడుగుదామని వెళ్లాను. బస్సుకీ బస్సుకీ మధ్య ఒక్కొక్కటే చదివింది. మొదట్లో ఒకటి రెండు చోట్ల నవ్వింది కూడా. ఎక్స్‌రే ఉత్తరం రెండుసార్లు చదివింది.

‘ముక్కూ మొహం తెలియనివాళ్లు’ అంది. ‘ఒక్కసారి విని పట్టేశారు చూడు, ఛాతీలో ఏదో ఉందని.’

అడగాలనుకున్నది అడగలేదు. ఆవిడ ఆ ఒక్క ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని, మిగతావి నాకిచ్చేసింది. గడియారం చూసి మైకు మీట నొక్కింది. ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి రావలసిన బస్సు ఆలస్యంగా వస్తోందని, ప్రయాణికులు మన్నించాలని చెప్పింది.