మరిడమ్మ పక్కన పెట్టిన మాటలు

మరిడమ్మకు ఆదివారం పొద్దున్నే భయం మొదలయ్యేది. రెండుసార్లు స్నానం చేసేది, చీరకు సాంబ్రాణి పొగ పట్టేది, అయినా అరచేతులు వాసన చూసుకుంటూనే పూడిమడకలో బస్సెక్కేది. అనకాపల్లిలో మా పాళీ క్లాసు పదింటికి. బుద్ధుడి మాటలున్న ఆ భాష నేర్చుకోవడానికి మేం పదకొండుమందిమి వచ్చేవాళ్ళం. ముందుగా 'ప్రాణం తియ్యను' అంటూ పంచశీల చదివి క్లాసు మొదలుపెట్టేవాళ్ళం. ఆమె గుమ్మం పక్కనే కూర్చునేది, ఎవరైనా పొమ్మంటే గబుక్కున లేచిపోవడానికి.

ఆమె ఎండుచేపలు అమ్ముతుంది. మా వీధికి నెత్తళ్ళు తెచ్చేది ఆమే కనుక ఆ సంగతి క్లాసులో నాకొక్కడికే తెలుసు. మొదటి రోజు నన్ను చూడగానే ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బాబూ, ఎవరికీ సెప్పకండి. పేణం తియ్యనని సదివే సోట సేపలమ్మేదాన్ని ఉండనిత్తారేటి?"

చెప్పనన్నాను. రిటైరైన హెడ్ క్లర్కుని, నా నోట్లో మాట ఆగదని ఆమెకు తెలియనిది కాదు, అందుకని ప్రతి వారం నా వైపు బెదురుగా చూసేది.

వాళ్ళన్న పోయినప్పుడు ఎవరో వచ్చి పాళీలో ఏదో చదివారట. ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "మా అన్నకేటి సెప్పేరో నాకు తెలవాలి కదండీ" అనేది. అందుకే క్లాసు పోతుందంటే అంత గుబులు.

వ్యాకరణం చెప్పేది నానాజీ మాస్టారు. మామూలు క్రియలు ఎలాగో వంటబట్టాయి. ఎప్పుడో గాని కనబడని రూపాలే మా దుంప తెంచాయి. ఆ రోజు ఆయన బోర్డు మీద 'సోచరే' అని రాశారు. మాకు తెలిసింది 'సోచంతి'. ఈ కొత్త తోక చూసి అందరం నేలచూపులు చూశాం.

"దుక్కపడతారండి, ఆళ్ళందరూ," అంది మరిడమ్మ మెల్లగా.

మాస్టారు అలాంటిదే ఇంకోటి రాశారు. చెప్పింది. మరోటి రాశారు. అదీ చెప్పింది. ఆయనకు మెచ్చుకోవాలని తోచలేదు, అనుమానం వచ్చింది.

"చీటీ రాసుకొచ్చేవా?"

ఆమె కొంగు దులిపి చూపించింది.

"మరెలా వచ్చింది? నిజం చెప్పకపోతే వచ్చే వారం నుంచి రావద్దు."

ఆమె నా వైపు చూసింది. నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు, పిరికివాణ్ణి.

"ఎండుసేపలమ్ముతానండి," అంది చివరికి. "నెత్తళ్ళు ఓ గంపలో, కవళ్ళు ఓ గంపలో పోత్తాను. ఎప్పుడో ఓ వింత సేప వత్తాది. దాన్ని ఏ గంపలోనూ కలపను. పక్కనెట్టి మొకం గురుతెట్టుకుంటాను, పెద్దోళ్ళని పేరడుగుతాను. ఈ మాటల్నీ అలాగే పక్కనెట్టి సూసుకున్నానండి."

ఆమె సంచీ తీసుకుని లేచింది.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు.

"ప్రాణం తియ్యనని పొద్దున్న నేనూ చదివేను, మరిడమ్మా. మధ్యాహ్నం ఇంటికెళ్ళి నెత్తళ్ళ పులుసు తింటాను. ఎవరైనా చూస్తారేమోనని తలుపేసుకుని మరీ తింటాను."

ఆమె అక్కడే ఆగిపోయింది. "మీకూ బయమేనా మాస్టారూ?"

"ముప్ఫై ఏళ్ళుగా. నువ్వివాళ చెప్పేసేవు గాని, నేనైతే చచ్చేదాకా చెప్పేవాణ్ణి కాదు. కూర్చో."

ఆమె కూర్చుంది. తలుపేసుకుని దాచుకునేవి మాకూ ఉన్నాయి కనుక, మాస్టారి ముఖంలోకి చూడడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు.