శుక్రవారం మూసుకోని గేటు

పటమటలో ఇళ్ళకి కరెంటు గేట్లు కొత్తగా వస్తున్న కాలం అది. కారు దిగకుండానే గేటు తెరుచుకునేవాళ్ళని చూసి వీధిలో మిగతావాళ్ళంతా కుళ్ళుకునేవాళ్ళు. ఆ కుళ్ళు మీదే మా బాబాయి వ్యాపారం నడిచింది. ఒక ఇంటికి పక్కకి జరిగే గేటు బిగిస్తే చాలు, నెల తిరక్కుండా ఎదురింటివాళ్ళు వచ్చి "మాకూ అలాంటిదే కావాలండీ, కాకపోతే వాళ్ళదానికంటే కొంచెం పెద్దది" అనేవాళ్ళు. (బాబాయి ప్రకటనలకి ఎప్పుడూ ఖర్చు పెట్టలేదు. "పక్కింటివాళ్ళు ఉండగా మనకి ప్రకటనలెందుకు?" అనేవాడు.) అలాంటి షాపులో కూర్చుని ఊరందరి అసూయనీ చూసి నవ్వుకున్న నేను, చివరికి వాళ్ళందరికంటే ఎక్కువ అసూయపడ్డాను. అదీ ఒక గేటు గురించే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం నాకు అన్నం సహించేది కాదు.

పామర్రులో డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకి కోచింగ్ పేరుతో విజయవాడ వచ్చి పిన్ని ఇంట్లో చేరాను. పరీక్షల సంగతి ఎలా ఉన్నా, బాబాయికి షాపులో ఫోన్లు ఎత్తే మనిషి దొరికింది. "ఆడపిల్ల గొంతయితే కస్టమర్లు కాస్త తక్కువ తిడతారమ్మా" అన్నాడు బాబాయి. అది పచ్చి అబద్ధం. గేటు సగంలో ఆగిపోయి మొగుడు కారుతో సహా వానలో నిలబడి ఉన్నప్పుడు ఏ ఇల్లాలూ ఎదుటివాళ్ళ గొంతు ఆడదా మగదా అని చూడదు. అపార్ట్‌మెంట్ల సెక్రటరీలూ ఆస్పత్రుల మేనేజర్లూ అయితే మరీను. వాళ్ళు తిట్టడం అయ్యాక నేను "మనిషిని పంపిస్తున్నానండీ" అనేదాన్ని. అవతలి నుంచి వెంటనే "అయితే రిమోట్ బాబుని పంపించండి" అనే మాట వచ్చేది.

రిమోట్ బాబు మా షాపులో మెకానిక్కు. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట ఎప్పుడూ నాలుగైదు గేట్ల రిమోట్లు ఉండేవి కాబట్టి ఆ పేరొచ్చింది. సొంతూరు హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లె. ఐటీఐ చదివి, ఆటోనగర్‌లో స్నేహితులతో ఒక గదిలో ఉంటూ, కర్రీ పాయింటు కూరలతో బతుకుతున్నాడు. పెద్ద అందగాడేం కాదు. కానీ ఎంత మొరాయించిన గేటు దగ్గరికి వెళ్ళినా, మోటారు మీద చెయ్యి వేసి, "ఏం కాలేదు, ఇప్పుడే నడుస్తుంది" అనేవాడు. ఆ మాట గేటుతో అంటున్నాడో, ఇంటివాళ్ళతో అంటున్నాడో తెలిసేది కాదు. నాతో మాత్రం అప్పటిదాకా ఎవరూ అలా అనలేదు. (నా బ్యాంకు పరీక్ష రెండోసారి పోయినప్పుడు బాబాయి అన్న మాట వేరు, అది ఇక్కడ రాయను.) దాంతో నాకు మనసు పారేసుకోవడానికి పెద్ద సమయం పట్టలేదు. పిన్నిని బతిమాలి నా క్యారియర్‌లో ఇద్దరికి సరిపడా సర్దించుకుని, "ఇంట్లో మిగిలిపోయిందండీ, కాస్త తింటారా?" అని అతనికి పెట్టేదాన్ని. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, వంకాయ కూర, అన్నీ పిన్ని చేసినవే. నేనే చేశానని ఎప్పుడూ చెప్పలేదు. కాకపోతే "ఉప్పు సరిపోయిందాండీ?" అని చేసినదానిలాగే అడిగేదాన్ని.

అంతా బాగానే సాగుతున్న రోజుల్లో కానూరు వైపు ఒక పెద్ద ఇంటికి మేం గేటు బిగించాం. అక్కడి నుంచి ప్రతి శుక్రవారం ఉదయం ఫోను. గేటు తెరుచుకుంటుందట, మూసుకోదట. ఫోను చేసేది ఒక అమ్మాయి. ఆ గొంతు వింటుంటే చెవిలో పాకం పోస్తున్నట్టుండేది. "హలో అండీ, మా గేటు మళ్ళీ మూసుకోవట్లేదండీ. పోయినసారి వచ్చారే, ఆయన్నే పంపిస్తారా ప్లీజ్?" పంపించక ఏం చేస్తాను? పంపించేదాన్ని. మిగతా రోజుల్లో ఆ గేటుకి ఏ రోగమూ ఉండేది కాదు. సోమవారం నుంచి గురువారం దాకా బంగారంలా నడిచి శుక్రవారం మాత్రమే మొరాయించే గేటు ఈ భూప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా? శుక్రవారం ఆ అమ్మాయికి కాలేజీ సెలవేమో, కావాలనే గేటు చెడగొడుతోందేమో అని నా బుర్ర నాకు చెప్పడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి మొహం కూడా నేనే తయారు చేసుకున్నాను. తెల్లగా, పొడుగ్గా, ఇంత పొడుగు జడతో. (నాకు లేనివన్నీ ఆ అమ్మాయికి ఉదారంగా ఇచ్చేశాను.)

దానికితోడు అతని వాలకం. చిన్న రిపేరుకి వెళ్ళినవాడు మధ్యాహ్నం దాటాక గానీ తిరిగొచ్చేవాడు కాదు. "ఏమైందయ్యా?" అని బాబాయి అడిగితే "చిన్నదేనండీ, క్లీనింగు" అనేవాడు. నేను క్యారియర్ విప్పితే "ఆకలి లేదండీ" అనేవాడు. ఆటోనగర్ గదిలో కర్రీ పాయింటు కూరలతో బతికే మనిషికి శుక్రవారం మాత్రం ఆకలుండదట! ఒకసారి అతని వేళ్ళకి పసుపు అంటి ఉండటం చూశాను. పసుపు అంటే శుభకార్యం, శుభకార్యం అంటే తాంబూలాలు, తాంబూలాలంటే ఇంకేముంది, అయిపోయింది. ఆ రోజు నా క్యారియర్‌లో అన్నం ముట్టకుండా పట్టుకెళితే "ఒంట్లో బాగాలేదా?" అంది పిన్ని. బాగాలేదు పిన్నీ, కడుపు మండిపోతోంది అని ఎలా చెప్పను?

ఆ తర్వాతి శుక్రవారం అతను బండెక్కి వెళ్ళగానే బాబాయి దగ్గరికి వెళ్ళాను. "ఇన్నిసార్లు రిపేరుకి వెళుతుంటే మన షాపు పేరు పోతుంది బాబాయ్, నేను వెళ్ళి కస్టమరుతో మాట్లాడి వస్తాను" అన్నాను. షాపు మీద నాకింత శ్రద్ధ ఉందని బాబాయికి అదే తెలియడం. మురిసిపోయి స్కూటీ తాళాలు ఇచ్చాడు. దారిలో ఆగి జడ విప్పి మళ్ళీ అల్లుకున్నాను. ఎందుకంటే, ఓడిపోయినా కాస్త చక్కగా ఉండి ఓడిపోదామని.

గేటు బార్లా తెరిచే ఉంది. లోపల ఆవరణలో రిమోట్ బాబు వంగి ఏదో తుడుస్తున్నాడు. తిన్నగా లోపలికి వెళ్ళడానికి ధైర్యం చాలక, గేటు స్తంభాన్ని ఆనుకుని తొంగి చూస్తూ నిలబడ్డాను. ఇక్కడ మీకొక ముక్క చెప్పాలి. ఇలాంటి గేటుకి రెండు స్తంభాల మీదా మోకాలెత్తున ఎదురెదురుగా రెండు చిన్న నల్లటి కళ్ళుంటాయి. సెన్సార్లంటారు. వాటి మధ్యకి మనిషి గానీ కుక్క గానీ అడ్డం వచ్చినా, వాటినేదైనా కప్పేసినా, గేటు ఎవరినీ నలిపేయకుండా ఆగిపోతుంది. రోజుకి పదిమంది కస్టమర్లకి ఫోనులో వివరంగా చెప్పే ఈ సంగతి, అసూయతో నిలబడ్డ నాకు ఒక్క ముక్కా గుర్తు రాలేదు. నా చున్నీ సరిగ్గా ఒక కన్ను మీద వేలాడుతోంది.

అతను రిమోట్ నొక్కాడు. గేటు కదిలింది, ఆగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కదిలి ఆగింది. "ఏంటి అబ్బాయ్, ఇవాళ నిజంగానే చెడిందా?" అని లోపల్నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. నిజంగానే అంటే ఏమిటా అని నేను ఆలోచించేలోగా అతను స్తంభం దగ్గరికి వచ్చేశాడు. ముందు చున్నీని చూశాడు. దాని వెంట చూపు పైకి తీసుకొచ్చి నన్ను చూశాడు. "మేడమ్, మీరు కొంచెం పక్కకి జరిగితే గేటు పడుతుందండీ" అన్నాడు. నేను లోపలికి జరిగాను. గేటు నా వెనకాల హాయిగా, మెత్తగా మూసుకుంది. పారిపోయే దారి కూడా లేకుండా పోయింది.

బయటికొచ్చింది డెబ్బై ఏళ్ళ మామ్మగారు. పెద్ద బొట్టు, చేతిలో పసుపు గిన్నె. ఆవిడ వెనకాల ఆ పాకం గొంతు అమ్మాయి, ఆవిడ మనవరాలు. (తెల్లగానే ఉంది. జడ మాత్రం భుజాల దాకానే. నాకు సగం ఊరట కలిగింది.) "గేటు ఎందుకు పాడవుతోందో కనుక్కుందామని వచ్చానండీ" అన్నాను ఉన్న కాస్త పరువూ కూడగట్టుకుని.

"పాడవడమేంటమ్మా, నేనేగా ఆపేది" అంది మామ్మగారు. "శుక్రవారం గడపకి పసుపు రాసి బొట్టు పెడతాం కదా. లక్ష్మి ముందు వచ్చేది గేటు దగ్గరికే. అందుకని ఆ కింద ఇనప పట్టాకి పసుపు రాసి, ఆ రెండు కళ్ళకీ నిండుగా కుంకం పెడతాను."

"కళ్ళకి పెట్టకూడదండీ" అన్నాను, గొప్ప విషయం కనిపెట్టినట్టు.

"తెలుసమ్మా. ఈ అబ్బాయి మొదటిరోజే చెప్పాడు."

"మరి?"

"పెట్టకపోతే అబ్బాయి రాడు కదా! శుక్రవారం నేను పులిహోర చేస్తాను. ఇంట్లో తినేదెవరు? మా ఆయనకి సుగరు, పుల్కాలు. మావాడికి కొర్రలు. కోడలు అన్నం చూస్తేనే ఆమడ దూరం పోతుంది. ఇదిగో, ఇది చదివేది న్యూట్రిషనంట, గింజలు లెక్కపెట్టుకుని తింటుంది. మెతుకు మెతుకూ ఇష్టంగా తినే మనిషి నాకు ఇన్నాళ్ళకి దొరికాడు."

"మీవాళ్ళు రాకపోతే మామ్మ ఆ పులిహోరంతా నాకు పెడుతుందండీ" అంది మనవరాలు. "అందుకే పొద్దున్నే నేనే ఫోన్ చేసేస్తాను."

నేను రిమోట్ బాబు వంక చూశాను. అతను చేతిలోని రిమోట్‌ని అంతకు ముందెన్నడూ చూడనట్టు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

నాకూ ఆకు వేశారు. మీతో అబద్ధమెందుకు, అలాంటి పులిహోర నేను మళ్ళీ తినలేదు. ఇంగువా, ఆవపిండీ, వేరుశెనగ పప్పులూ దేని పని అది చేస్తున్నాయి. అతను తింటుంటే చూశాను. మా క్యారియర్‌లోది ఏనాడూ అలా తినలేదు. వచ్చేటప్పుడు ఒక అందమైన అమ్మాయి మీద అసూయతో వచ్చాను. అది అయినా నయం. తిరిగి వెళ్ళేటప్పుడు డెబ్బై ఏళ్ళ ముసలావిడ మీద అసూయతో వెళ్ళాను. అందానికైతే ఏదో ఒకటి రాసుకోవచ్చు, ఆ చేతి రుచికి నేనెక్కడ తూగుతాను? ఆదివారం పిన్ని వంటింట్లో దూరి పులిహోర చేశాను. సోమవారం అతనికి పెట్టాను. నమిలి, నీళ్ళు తాగి, "బాగుందండీ" అన్నాడు. కాలిపోయిన మోటారు గురించి కస్టమరు మనసు నొప్పించకుండా చెప్పేటప్పుడు సరిగ్గా అదే గొంతు.

"ఇంతకీ ఆ కానూరు గేటు సంగతేంటమ్మా?" అని అప్పుడే అడిగాడు బాబాయి. ఏమీ లేదని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "సెన్సార్ల చుట్టూ ముందుకి పొడుచుకొచ్చే గొట్టాల్లాంటి మూతలు బిగిస్తే సరిపోతుంది బాబాయ్, కుంకం మూతకి అంటుతుంది గానీ లోపలి కంటికి అంటదు" అన్నాను. బాబాయి నా తెలివికి మళ్ళీ మురిసిపోయాడు. మూతలు బిగించడానికి పంపింది కూడా రిమోట్ బాబునే. ఆ తర్వాత శుక్రవారాలు ఫోను మోగలేదు. గేటు బ్రహ్మాండంగా నడిచింది. అతను నా క్యారియర్‌లో అన్నం పేచీ లేకుండా తిన్నాడు. నేను కోరుకున్నదంతా జరిగింది. కానీ మనిషి మాట తగ్గిపోయి, గోంగూర పచ్చడి కూడా మందు మింగినట్టు మింగుతుంటే, ఆ గెలుపేదో నాకే రుచించలేదు.

అలా ఉండగా ఒకరోజు మామ్మగారే స్వయంగా ఫోను చేసింది. "ఆ మూతలు పెట్టించింది ఎవరో నాకు తెలుసులే అమ్మాయ్. ఆ రోజు నువ్వు నా పులిహోర తిన్న తీరు చూసినప్పుడే అనుకున్నాను. ముద్ద నీ నోట్లో ఉంది, కళ్ళు వాడి ఆకులో ఉన్నాయి. గేటు బాగానే ఉందిగానీ, రేపు శుక్రవారం ఇద్దరూ భోజనానికి రండి" అని పెట్టేసింది. నా చెవులు వేడెక్కిపోయాయి.

వెళ్ళాం. వడ్డించి, మజ్జిగ తెస్తానని ఆవిడ లోపలికి వెళ్ళింది. నేను ఆకులోకి చూస్తూ "ఆ మూతలు నేనే పెట్టించాను" అన్నాను.

"తెలుసండీ. బిగించింది నేనే కదా."

"ఎందుకని అడగరేం?"

"అడిగితే షాపు మంచికోసం అంటారేమోనని భయమండీ."

అప్పుడు నాకెక్కడి ధైర్యమొచ్చిందో తెలియదు. "మీరు ఇంకొకళ్ళింట్లో అన్నం తినడం నాకిష్టం లేదు" అనేశాను. అతను కలుపుతున్న చెయ్యి ఆపాడు. తర్వాత మెల్లగా "మామ్మగారింట్లో తప్పించి" అన్నాడు.

నాకు మళ్ళీ మండింది. అయినా "మామ్మగారింట్లో తప్పించి" అన్నాను.

"మజ్జిగ తేవచ్చా, ఇంకా టైముందా?" అని వంటింట్లోంచి కేక వినిపించింది.

ఇప్పుడు మా ఇద్దరిదీ సొంత షాపు. ఆయన రైసుమిల్లుకి గేటు బిగించాలని గుడివాడ వైపు వెళ్ళి రెండురోజులు రాకపోయినా నాకు నిద్ర బాగానే పడుతుంది. ఎవరింట్లో తిన్నారని అడగను, వచ్చేటప్పుడు కూరగాయలు తెమ్మంటాను. మొన్నొకరోజు రాత్రి భోజనాల దగ్గర ఆ జడ విప్పి అల్లుకున్న పిల్ల గుర్తొచ్చి నవ్వుకున్నాను. మనిషి మీద అంతగా రగిలిపోవడానికి దానికెంత తీరికో అని ముచ్చటేసింది, కొంచెం అసూయ కూడా వేసింది.

"ఏంటి నవ్వుతున్నావు?" అన్నారు ఆయన.

"ఏం లేదు. ఒకప్పుడు మీ మీద ప్రాణం పెట్టుకున్న అమ్మాయి గుర్తొచ్చింది" అన్నాను.

నువ్వే కదా అంటారని చూస్తున్నాను. ఆయన ముద్ద పట్టుకుని, కళ్ళు పైకెత్తి, ఆలోచనలో పడ్డారు. అలా ఎంతసేపటికీ తేలరే! ఒక్కరే అయితే అంతసేపు ఆలోచించాలా? చాలా రోజుల తర్వాత నాకు హాయిగా ఒళ్ళు మండింది.