పోయిన ఫోటో పేరు చెప్పమనేవారు

గత మాసం బేగంపేటలోని ఒక కెమెరా దుకాణంలో కొత్త పెట్టె మూత తెరవగానే రబ్బరూ రెక్సినూ కలిసిన కొత్త వాసన గుప్పుమంది. బల్ల మీదికి చాచిన నా చేయి తనంతట తానే వెనక్కి వచ్చింది. "కొత్త వాసన మీద బుర్ర పని చెయ్యదు బిడ్డా, జెర ఆగు" అన్న గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. ఆ గొంతు యాదగిరి సార్‌ది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. రెజిమెంటల్ బజార్‌లో ఆయన నడిపిన స్టూడియో కూడా ఇప్పుడు లేదు. ఆయనను ఎరగని వారి కోసం ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మా కుటుంబం గుంటూరు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడింది. డిగ్రీ చదివిన ఆడపిల్ల ఫోటో స్టూడియోలో పనికి చేరడమేమిటని మా ఇంట్లో పెద్ద రభసే జరిగింది. సార్ మాత్రం నన్ను చేర్చుకోవడానికి క్షణమైనా ఆలోచించలేదు. "పెండ్లికూతురు తయారయ్యే గదిలకు నన్ను రానియ్యరు, నిన్ను రానిస్తరు. గంతే ముచ్చట" అన్నారు. అంతకు మించిన ఆదర్శమేదీ ఆయన చెప్పుకోలేదు. అందుకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆ స్టూడియోలో ఒక ఆచారం ఉండేది. సోమవారం ఉదయం దుకాణం తెరవక ముందు పనివాళ్లమందరమూ ఆయన బల్ల ముందు నిలబడాలి. గడచిన వారం చేజారిన ఫోటో ఏదో, అది ఎందుకు చేజారిందో ఒక్కొక్కరమూ చెప్పాలి. వచ్చిన ఫోటోల ఊసు ఆయన ఎత్తేవారు కారు. "వచ్చినవి పెండ్లి పార్టీవాళ్లకు చూపెట్టుండ్రి. నాకు పోయినవి చెప్పుండ్రి" అనేవారు. చేయి తప్పా, నిలబడ్డ చోటు తప్పా, కెమెరా తప్పా అన్నది తేలేవరకూ వదిలేవారు కారు. నేను వాటిని ఎప్పటికప్పుడు రాసిపెట్టుకునేదాన్ని. ఆ అలవాటు నేటికీ మానలేదు.

ఒకసారి ఎదురు స్టూడియో వారు మెరిసిపోయే కొత్త కెమెరా తెచ్చి అద్దాల బీరువాలో పెట్టారు. నాకు కన్ను కుట్టింది. సోమవారం నా వంతు రాగానే, "సార్, మనమూ కెమెరా మారుద్దామండీ" అన్నాను.

"ఏ ఫోటో పోయింది?"

"పోయిందని కాదండీ, వాళ్లది కొత్తది కదా..."

"ఎదురింటాయనకు దగ్గొస్తే మనం మందు తాగుతమా?"

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. మరుసటి వారం పట్టుదలగా ఒక పోయిన ఫోటోతో హాజరయ్యాను. అప్పగింతల వేళ పెళ్లికూతురు వెనుదిరిగి నాయనమ్మ వైపు చూసింది. ఆ ముఖం ప్రింటులో నల్లగా మసకబారిపోయింది. తప్పు కెమెరాదేనని వాదించాను. సార్ ఆ ప్రింటును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. "ఆమె ఎనక దీపం, ఎదురుంగ నువ్వు. కెమెరా ఏం జేస్తది పాపం? జెర పక్కకు జరిగి తియ్యి" అన్నారు. ఆ వారమంతా ఆయనతో ముభావంగానే ఉన్నాను. కానీ తరువాతి పెళ్లిలో పక్కకు జరిగాను. ఫోటో వచ్చింది.

ఇదంతా చదివి ఆయనను కెమెరా మార్చడం ఇష్టం లేని ఛాందసుడని ఎవరైనా అనుకుంటే అంతకన్నా అన్యాయం లేదు. ఒక సోమవారం ఆయన తన కుర్చీలోంచి లేచి మా వైపు వచ్చి నిలబడ్డారు. "ఇయ్యాల నాది పోయింది" అన్నారు. తిరుమలగిరిలో ఒక పెళ్లి. పెళ్లికొడుకు తండ్రి మిలిటరీలో పనిచేసిన మనిషి. ఎవరూ ఆయన నవ్వగా చూసి ఎరగరట. తలంబ్రాల వేళ కొత్త కోడలు విసిరిన దోసెడు బియ్యం గురి తప్పి ఆయన నెత్తిన పడ్డాయి. ఆయన పకపకా నవ్వారు. సరిగ్గా అప్పుడే కెమెరాలో రీలు అయిపోయి సార్ కొత్త రీలు ఎక్కిస్తున్నారు.

"చెయ్యి తప్పు గాదు, నిలబడ్డ జాగ తప్పు గాదు. గీ కెమెరాల చిన్న రీలే పడ్తది. గా నవ్వు దీనితోని ఎప్పటికీ చిక్కదు. మారుస్తున్న."

"కంపెనీ కూడా మారుస్తారా సార్?" అని ఆశ్చర్యంగా అడిగాను. ఆయన అన్నేళ్లుగా వాడిన కంపెనీ అది.

"కంపెనీ ఏమన్న నా మేనమామనా?" అన్నారు. ఆ మధ్యాహ్నానికే పెద్ద రీలు పట్టే వేరే కెమెరా తెచ్చారు.

ఇక ఇటీవలి సంగతి. ఏ.ఎస్. రావు నగర్‌లోని ఒక సంగీత సభకు నేను చాలాకాలంగా ఫోటోలు తీస్తున్నాను. ఆమధ్య అక్కడ జరిగిన వీణ కచేరీలో వైణికురాలు కామాక్షి గారు ఆలాపన చేస్తూ కళ్లు మూసుకుని, ఏదో గుర్తుకు వచ్చినట్టు చిరునవ్వు నవ్వబోయారు. నేను మీట నొక్కాను. నా పాత కెమెరాలోని అద్దం ఠక్కున లేచిపడింది. ఆవిడ కళ్లు తెరిచారు. నవ్వూ పోయింది, ఆలాపనా ఒక క్షణం తడబడింది. కచేరీ అయ్యాక సభ కార్యదర్శి చేతులు నలుపుకుంటూ వచ్చారు. "మేడమ్, ఏమీ అనుకోకండి. వచ్చే నెల మళ్లీ ఆవిడ కచేరీయే. మీరు వెనక వరుస నుంచి తీస్తే బాగుంటుంది" అన్నారు. వెనక వరుస నుంచి వేదిక మొత్తాన్ని తీయవచ్చునేమో గాని, వీణ మీద వంగిన ముఖాన్ని తీయలేము. ఆ మాటకు అర్థం నాకు తెలుసు: నా పని ముగిసిందని మర్యాదగా చెప్పారు.

అందుకే బేగంపేట దుకాణానికి వెళ్లాను. అక్కడి యువకుడు నా సంచీలోని కెమెరా చూసి జాలిపడ్డాడు. "ఇంకా ఈ కంపెనీలోనే ఉన్నరా ఆంటీ? అందరూ స్విచ్ అయితున్నరు. లెన్సులు సుత ఎక్స్ఛేంజ్‌ల పెట్టేయండి, పరేషాన్ ఉండదు" అన్నాడు. పార్టీ ఫిరాయించమన్నంత తేలికగా అన్నాడు! నా లెన్సుల్లో ఏ ఒక్కటీ ఏ ఒక్క ఫోటోనూ పోగొట్టలేదు. వాటిని పాత సామానులో పారేయడం ఎవరి లాభానికి?

కోపం దిగమింగి, నా పాత కంపెనీదీ, అతడు మారమన్న కంపెనీదీ, చప్పుడు లేకుండా తీయగల అద్దం లేని కెమెరాలు రెండింటినీ అక్కడే అద్దెకు తీసుకున్నాను. కార్యదర్శిని ఒప్పించి ఖాళీ సభామందిరంలో రెండింటినీ పరీక్షించాను. చప్పుడు లేకుండా తీస్తే అక్కడి ఎల్ఈడీ దీపాల వల్ల ఫోటోలో నల్లని చారలు పడ్డాయి. షట్టర్ వేగం తగ్గిస్తే రెండింటిలోనూ పోయాయి. పైగా నా పాత కంపెనీ కెమెరాకూ లెన్సుకూ మధ్య అడాప్టర్ అనే ఉంగరం ఒకటి బిగిస్తే నా పాత లెన్సులు హాయిగా పనిచేశాయి. దుకాణానికి తిరిగి వెళ్లి, "కంపెనీ మారను, కెమెరా బాడీ ఒక్కటే మారుస్తాను" అన్నాను.

"లాస్ అయితరు ఆంటీ."

"ఏ ఫోటో లాస్ అవుతానో చెప్పు నాయనా."

అతడు తల గోక్కుని, "మీతోని కష్టం ఆంటీ" అని నవ్వుతూ బిల్లు రాశాడు.

కచేరీ రోజున కార్యదర్శి చూస్తుండగానే ముందు వరుసలో కూర్చున్నాను. ఆయన నుదుటి చెమట తుడుచుకున్నారు. నేను పట్టించుకోలేదు. ఆలాపన సాగింది. కామాక్షి గారు కళ్లు మూసుకున్నారు. ఆ చిరునవ్వు పెదవి అంచున మొదలై, కళ్ల దాకా పాకి, మెల్లగా సద్దుమణిగేదాకా తీశాను. పక్క కుర్చీలో ఉన్నవారికి సైతం తెలియలేదు. కచేరీ ముగిశాక ఆవిడ వేదిక దిగుతూ నన్ను చూసి ఆగారు. "అరే, వచ్చారా! ఈసారి మీరు రాలేదనుకున్నానండీ" అన్నారు. ఇన్నేళ్ల వృత్తిలో నాకు దక్కిన ప్రశంసల్లో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు. కార్యదర్శి వెంటనే వచ్చే కచేరీ తేదీ చెప్పి, ముందు వరుసలో నా కుర్చీ ఎటువైపు వేయించాలని అడిగారు.

సోమవారం ఉదయం అలవాటు ప్రకారం కాగితం తీశాను. యాదగిరి సార్ ఎదుట నిలబడినంత నిజాయితీగా ఆలోచించాను. పోయిన ఫోటో ఒకటి ఉంది: కచేరీ ముగిసిన క్షణాన సభ మొత్తం లేచి నిలబడింది, కామాక్షి గారు వీణకు నమస్కరించారు. అది నా దగ్గర లేదు. చేయి తప్పు కాదు, నిలబడ్డ చోటు తప్పు కాదు, కెమెరా తప్పు అసలే కాదు. కారణం అన్నచోట ఉన్నది ఉన్నట్టు రాశాను: కెమెరా కుర్చీలో పెట్టి, చప్పట్లు కొడుతున్నాను.