సత్తెమ్మ పోసిన సాక

మా చిన్నమ్మ సత్తెమ్మ పదకొండేళ్లు పుణెలో మట్టి మోసింది. నడుము పట్టేసినాక గద్వాల దగ్గర కాలువ పనుల క్యాంపులో వంటకు కుదిరింది. అదీ రోజుకూలే. వద్దంటే ఆ పూటే దిగిపోవాలి. రెండువేల ఆరు ఎండాకాలంలో ఆ మాట అనేదాకా వచ్చాడు మేనేజర్ రాఘవేందర్.

క్యాంపుకు ఫ్రాన్సు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. వారం రోజులు మా కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని అరటిపండ్లతో బతికాడు. ఆదివారం పొద్దున తన ఊరి తెల్ల వైను సీసా తీసి, మధ్యాహ్నం దీంతో చేప తింటానన్నాడు.

"దానికి తగ్గట్టు వండు సత్తెమ్మా. ఇయ్యాల గూడ ఆయన పండ్లే తింటే, రేపు హైదరాబాద్ నుంచి వంటమనిషి దిగుతడు. నువ్వు మళ్ల పుణె బండెక్కు," అన్నాడు రాఘవేందర్.

పుణె మేస్త్రీ సోమవారమే కూలీలను ఎక్కించుకుంటున్నాడు, చిన్నమ్మకూ కబురు పెట్టాడు. కడుగుతుంటే కొర్రమట్ట చేప చిన్నమ్మ చేతిలోంచి రెండుసార్లు జారింది.

అదే క్యాంపులో సర్వే గొలుసు లాగే పని నాది. డిగ్రీ తప్పినా, పాత పేపర్ల కొట్లో దొరికిందల్లా చదివేవాణ్ని. "తెల్ల వైనుకు చేపే జోడీ చిన్నమ్మా, పుస్తకంల ఉంది," అన్నాను గొప్పగా.

"పుల్లగుంటదా, తియ్యగుంటదా?"

"అది రాయలే."

"మరేం సదివినవ్‌రా బాలరాజు? కల్లు పొద్దుగాల్ల తియ్యగుంటది, ఉడకేసిన సెనగ గుడాలు కారంగ జేస్తం. పొద్దెక్కినాక పులుస్తది, అప్పుడు ఉప్పు పల్లీలే. తాగేది తెల్వకుంటే తినేది ఎట్ల జేస్త?"

పొయ్యి మీద అప్పటికే చింతపండు పులుసు ఉడుకుతోంది. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడదీసుకుని దాని రుచి ఎట్లుంటుందని ఇంజనీరును అడిగాను. ఆయన నవ్వి, అక్కడే బిరడా లాగి, స్టీలు గ్లాసులో రెండు గుక్కలు పోసి చిన్నమ్మ చేతికిచ్చాడు.

చిన్నమ్మ గ్లాసుతో గుమ్మం దాటింది. కళ్లు మూసుకుంది. "జములమ్మ తల్లీ, సల్లగ సూడు," అంటూ నేల మీద వంచింది. మా వాళ్లకు అది సాక. కల్లుకుండ విప్పితే మొదటి చుక్కలు అమ్మవారికే. నాలుగు చుక్కలు చాలు, కానీ కళ్లు మూసుకునే వంచేసరికి మొత్తం ఒలికిపోయింది.

"పారబోస్తివేందే! నీ ఏడు తరాల్ల చూసినవా అసుంటిది?" రాఘవేందర్ అరిచాడు.

ఇంజనీరు ముఖంలో నవ్వు పోయింది. నేను నేల చూపించాను, దండం పెట్టి చూపించాను. ఏమర్థమైందో, ఆయన మళ్లీ పోశాడు.

ఈసారి తాగింది. నోట్లో చాలాసేపు ఉంచుకుని మింగింది.

"మామిడి పిందె కొరికినట్టుంది. ఎనుక వానకు తడిసిన బండ వాసన," అని ఉలిక్కిపడింది. "అయ్యో, నేను పులుసు పెడితినిరా! పులుపు మీద పులుపు పడితే రెండూ సస్తయ్."

పులుసు దించేసింది. విడిగా మిగిలినవి నాలుగే ముక్కలు. అవి చెడితే ఇంక లేవు. పసుపు, ఉప్పు, చిటికెడు మిరియాలు పట్టించి, పల్లీల పొడి అద్ది సన్న మంట మీద వేసింది. అలవాటుగా కారం డబ్బా మీదికి పోయిన చేతిని రెండో చేత్తో పట్టుకుంది.

జొన్నరొట్టెతో ఇంజనీరు తిన్నాడు, ముళ్లు ఏరుకుంటూ. ఆ కళ్లలో నీళ్లొస్తాయేమోనని చిన్నమ్మ తలుపు చాటు నుంచి చూస్తూనే ఉంది. రెండో ముక్క. ఒక గుక్క. మూడోది. నాలుగోది అందుకునే ముందు ఆయన లేచి గుమ్మం దాకా పోయి, తన గ్లాసులోంచి నాలుగు చుక్కలు నేల మీద వంచి వచ్చాడు.

రాఘవేందర్ ఆ తడి వంక చూశాడు. "రేపటికి ఎన్ని చేపలు తెప్పియ్యాలె?" అన్నాడు, చిన్నమ్మ ముఖం చూడకుండా.

"నాలుగు," అని ఆమె నావైపు తిరిగింది. "మేస్త్రీకి చెప్పిరాపో, నేను వస్తలేనని."

ఈ సారు పోయినాక ఎట్లా అని అడగబోయి గుమ్మంలోంచి వెనక్కి చూశాను. ఎవరికీ అక్కరలేని ఆ పులుసు గిన్నె ముందేసుకుని, ఆ రోజు మొదటిసారి ఆమె అన్నం కలుపుకుంటోంది.