తెర కాలిపోతదన్నరు

మొన్న ఆదివారం మేమందరం చెప్పులు గూడ లేకుండ గల్లీలకు ఉరికినం. ఉరికించింది నేనే! నవ్వకుండ వినాలె మరి.

మేముండేది బోరబండల. హైటెక్ సిటీల ప్రోగ్రామర్‌ని నేను. పక్క సీట్ల సుబ్బారావుగారు ఒక సీడీ ఇచ్చి, "లినక్స్ అండి, విండోస్ లాంటిదే, కొత్త సిస్టమ్. ఇంట్లో ఎక్కించి చూడండి, భలే ఉంటుందండి" అన్నరు. ఇంట్ల సెకండ్ హ్యాండ్‌ల కొన్న చౌక లాప్‌టాప్ ఉన్నది, బ్యాటరీ పోయింది, కరెంట్ వైరు పెడితేనే నడుస్తది. దాంట్లనే మా ఆయన పీహెచ్‌డీ థీసిస్! రెండేండ్ల కష్టం, ఇంకో కాపీ లేదు. ఆయనేమో గైడ్‌ను కలువనీకి వరంగల్ పోయిండు. వచ్చేలోపల ఎక్కించి సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్న.

థీసిస్ జోలికి పోకుండ, డిస్కుల ఖాళీ ఉన్న జాగల ఎక్కించిన. అంతా మంచిగనే అయింది. ఆఖరికి, స్క్రీన్ ఫ్రీక్వెన్సీ ఎంత, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మెరవాలె అని అడిగింది. కింద వార్నింగు: తప్పు నంబర్ ఇస్తే తెర కాలిపోవచ్చు! ఆ నంబర్ చూద్దామంటే లాప్‌టాప్‌తోని బుక్కు రాలేదు. సుబ్బారావుగారింటికి ఇంక ఫోన్ కనెక్షన్ రాలే. లిస్టుల నడిమి నంబర్ చూసి, కండ్లు మూసుకొని ఎంటర్ కొట్టిన.

తెర తెల్లగైంది. అడ్డం గీతలు. లోపల్నుంచి కిర్‌ర్‌ర్ అని చప్పుడు!

"అత్తమ్మా, బయటికి ఉర్కండి! పేలుతది!"

"ఏందే? ఏం పేలుతది?"

"కంప్యూటర్!"

వంటింట్ల పప్పు కలుపుతున్న అత్తమ్మను చెయ్యి పట్టి గుంజుకొచ్చిన. నా కేకలకు పక్కింటి యాదన్న ఉరికొచ్చిండు. గంతలనే కిటికీలకెల్లి పొగ! నల్లగ!

"అయిపోయింది! థీసిస్ కాలిపోయింది!" గల్లీలనే కూలబడ్డ. ఆయనకు ఏం మొఖం చూపియ్యాలె?

యాదన్న బకెట్ తెచ్చిండు. "జరుగు చెల్లె, నీళ్లు కొడ్త!"

"వద్దన్నా! కరెంట్ ఉన్నది! థీసిస్ ఉన్నది!"

అత్తమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఇది నా పప్పు వాసన గద!" అనుకుంట సక్కగ లోపలికి పోయింది. నేను లేసేలోపలనే గడప దాటింది.

జర సేపటికి మాడిన గిన్నె పట్టుకొని బయటికొచ్చింది. "స్టవ్ బంద్ చేసిన. నీ డబ్బ గూడ కిర్రుమంటుంటే గోడ స్విచ్ బంద్ చేసిన. ఊకుంది."

లోపలికి పోయి ఆన్ చేసి, పాత సిస్టమ్ తెరిచిన. తెర మంచిగనే ఉన్నది! థీసిస్ గూడ, ఒక్క అక్షరం పోలే. సీడీ తీసి చూస్తే అంతా గీతలే, చప్పుడు చేసింది అదే.

బయట యాదన్న అడుగుతుండు, "మీ కోడలు ఏం చదివిందమ్మా?"

"కంప్యూటర్ ఇంజనీరింగు," అన్నది అత్తమ్మ గిన్నె గీక్కుంట. "స్విచ్ బంద్ చేసుడు ఇంక చెప్పలేదట."