జర్ర అంటే డ్రా

మా పక్క క్వార్టరు గార్డుసాబ్ పోయారని మొన్న డోర్నకల్ నుంచి కబురొచ్చింది. నిద్రలోనే పోయారట. ఏ పనికీ తొందరపడని మనిషి, ఈ ఒక్కదానికి ఎందుకు తొందరపడ్డారో.

అరవై తొమ్మిది ఉద్యమంలో రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోతే, ఆయన గూడ్సు మానుకోటలో ఇరుక్కుంది. అక్కడ స్టేషన్ మాస్టరు దగ్గర చదరంగం నేర్చుకున్నారు. తర్వాత రైళ్లు కదిలాయి గానీ ఈయన బోర్డు ముందు నుంచి కదల్లేదు. ఎత్తు త్వరగా వెయ్యమంటే, "తొందర బండికి, మనకు గాదు" అనేవారు. నాకూ ఆట నేర్పారు. గెలవడం నాకు పట్టుబడలేదు. ఓడినవాడికి చాయ్ తాగించడం మాత్రం ఆయన్ని చూసే నేర్చుకున్నాను.

డెబ్బైల చివర్లో మా రైల్వే క్లబ్బులో పోటీ పెట్టారు. ఆఖరి ఆట డ్రా అయి సగం పాయింటు వస్తే చాలు, గార్డుసాబ్ సికింద్రాబాద్ పోటీకి వెళ్తారు. రాకపోతే బోర్డు పొయ్యిలో పెడతానని వాళ్లావిడ, మా వదిన చెప్పింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి.

ఎదుట తెనాలి వైపు బుకింగ్ క్లర్కు. గార్డుసాబ్‌కు రెండు బంట్లు తక్కువ. క్లర్కు ఫ్లాస్కు గడియారానికి అడ్డంగా ఉంది. ఈయన దానివైపు చెయ్యి చూపి, మెల్లగా "జర్ర" అన్నారు. క్లర్కు ఆ చేతినే పట్టుకుని ఊపేసి, గడియారం ఆపేశాడు.

"డ్రాయేనండి. నాకూ సమ్మతమే."

పక్కన కూర్చున్న నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయన నోరు మూసుకుంటే సికింద్రాబాద్. గార్డుసాబ్ తల గోక్కున్నారు.

"నేను డ్రా అనలే సారూ. గా ఫ్లాస్కు జర్ర పక్కకు పెట్టుమన్న."

క్లర్కు ముఖం ఎర్రబడింది. ఫ్లాస్కు జరిపాడు. చూస్తే గడియారంలో క్లర్కు వైపు నిమిషం కూడా లేదు. బంట్లు తనవే ఎక్కువైనా టైము లేక ఎగబడ్డానని ఒప్పుకుని, ఆడదామంటే ఆడదామన్నాడు. గార్డుసాబ్‌కు ఇంకా టైముంది, ఆడితే గెలుపు ఆయనదే.

ఆయన గడియారం చూశారు, క్లర్కును చూశారు. "డ్రానే కానియ్యుండ్రి" అని ఈసారి తనే చెయ్యి చాచారు.

గెలిచే ఆట ఎందుకు వదిలావన్నా అని చెవిలో గొణిగాను.

"మన మాటింటె నవ్వెటోళ్లనే చూసిన తమ్మీ. చెయ్యి కలిపినోన్ని ఇయ్యాల్నే చూసిన."

క్లబ్బు ఖాళీ అయింది. అసలు ఎవరు గెలిచేవారో తేల్చాలని ఇద్దరూ గడియారం పక్కన పెట్టి ఆ ఆటే కొనసాగించారు. క్లర్కు ఎక్కాల్సిన బెజవాడ ప్యాసింజరు కూత పెట్టి కదిలింది. బోర్డు మీంచి ఏ తలా లేవలేదు.