పళ్లెంలో రానిది

2005 చలికాలంలో, దుబాయ్‌లో నా ఆయాసం వల్ల పోయినవి లెక్కేస్తే ఆరు డ్యూటీలు, పదిహేడు రాత్రుల నిద్ర, గదిలో ఏడుగురం కలిసి తినే పెద్ద పళ్లెంలో నా చోటు. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఉబ్బసమే, అంటుకోదన్నాడు. గదిలోవాళ్లు నమ్మక నాకు వేరే పళ్లెం పెట్టారు. నాకూ నమ్మకం చాల్లేదు.

ఒక శుక్రవారం జెబెల్ అలీ బస్టాపులో డబ్బా విప్పి గారెలు తింటున్నాను. పక్కన నర్సు బట్టల్లో కూర్చున్న ఆవిడ, మాటను బట్టి గోదావరి మనిషి, నా ఊపిరిలోని పిల్లికూతలు విని పలకరించింది. ఎక్స్‌రే సంగతీ పళ్లెం సంగతీ చెప్పాను.

"ఇంట్లో ఇంకెవరికుందండీ?"

"మా నాయనమ్మకొక్కతికే."

"తుమ్ములు, చర్మం దురద, రొయ్యలు పడకపోవడం కూడా కలపండి. తరచు అన్నిటికీ వేరు ఒకటే. ఒంట్లో కాపలావాడికి కంగారెక్కువండీ. దుమ్మును చూసినా దొంగనుకుని ఇల్లంతా వాపెక్కిస్తాడు. ఆ కంగారు వంశంలో వస్తుంది, పళ్లెంలో రాదు."

వేళ్ల మీద లెక్కపెట్టాను. తొమ్మిదిమంది తేలారు.

"అమ్మో, పెద్ద బలగమే!" అని నవ్వి, నా డబ్బాలో చెయ్యి పెట్టి ఒక గారె తీసుకుని తినేసింది. బస్సెక్కుతూ, "ఇంటికి ఫోన్ చేసి లెక్క సరిగ్గా తేల్చండి అన్నయ్యగారూ. మళ్లీ కనపడితే చెప్పాలి" అంది.

గదిలో ఇదంతా చెప్పాను. నెల్లూరు మస్తాన్, "మా అబ్బాకీ రొయ్య పడదు భాయ్! యల్లా, రా" అని పెద్ద పళ్లెం నా వైపు జరిపాడు.

ఆమె మళ్లీ కనపడలేదు. ఆమెకు నేను చెప్పాల్సిన లెక్క, మనవరాలి తుమ్ములతో కలిపి, ఇప్పటికి పద్నాలుగు.